స్టీరింగ్ బిగుసుకుంది, బ్రేక్ రాయైంది: రెండూ ఒకేసారి ఎందుకు?

ఈరోజు కూడా చరిత్రే చెప్పబోతున్నా, కానీ ఇందులో కోటలు లేవు, రాజులు లేరు. ఒక కారు జబ్బు ఉంది. నడుస్తున్న బండిలో ఉన్నట్టుండి స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఇది ఎందుకు జరిగిందో కనిపెట్టడానికి దోర్నాలలో ఒక మెకానిక్ కి ఒక్క ప్రశ్న సరిపోయింది. అమెరికాలో అతి పెద్ద కార్ల కంపెనీకి ఇలాంటి జబ్బు అర్థమవడానికి పదేళ్ళు పట్టింది. ఆ ఆలస్యానికి నూటికి పైగా ప్రాణాలు పోయాయి. ఎలా అనేదే ఈ ఎపిసోడ్.

ముందు నా సంగతి చెప్తా. కొన్నేళ్ళ కిందట శ్రీశైలం దర్శనం చేసుకుని దోర్నాల వైపు ఘాట్ దిగుతున్నాం. బండి మా బావగారిది, పాత డీజిల్ బండి. లోపల ఏడుగురం, నడుపుతున్నది నేను. ఒక మలుపు ముందు బోనెట్ కింద టప్పుమని చప్పుడైంది. డ్యాష్ బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. స్టీరింగ్ తిప్పితే ఎవరో అవతలి పక్క పట్టుకుని లాగుతున్నట్టు బరువు. బ్రేక్ మొదటి రెండుసార్లు మామూలుగానే పడింది. మూడోసారి తొక్కితే పెడల్ కదల్లేదు. గోడని తొక్కినట్టే ఉంది. "ఏంట్రా, ఏమైంది?" అని బావగారు అడుగుతున్నారు, నాకు జవాబు చెప్పే ఓపిక లేదు. రెండో గేరులోకి దించి, రెండు కాళ్ళతో బ్రేక్ మీద దాదాపు నిలబడి, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగి ఎలాగో కొండ వైపుకి ఆపాను. ఆపగానే ఇంజన్ కట్టేశాను. అది తెలివితో చేసింది కాదు, భయంతో చేసింది.

బావగారు వెనకాల వచ్చిన ఆర్టీసీ బస్సెక్కి దోర్నాల వెళ్ళి, ఒక మెకానిక్ ని బైక్ మీద వెంటబెట్టుకొచ్చేసరికి మూడు గంటలైంది. ఈలోపు నేను మనసులో లెక్కలేసుకుంటున్నా. పవర్ స్టీరింగ్ పంపు పోయింది, అదొక ఖర్చు. బ్రేక్ బూస్టర్ పోయింది, అదింకో ఖర్చు. ఆయన వచ్చి బోనెట్ ఎత్తకముందే అడిగాడు: "రెండూ ఒక్కసారే వచ్చినయ్యా, ఒకదాని తర్వాత ఒకటా?"

దాదాపు ఒక్కసారే అన్నాను.

"రెండు జబ్బులు ఒకే నిమిషంలో రావు బాబూ. రెండింటికీ తిండి పెట్టేది ఒకటే ఉంటది. అది పోయింది."

బోనెట్ ఎత్తి తెగిపోయిన బెల్టు ముక్క తీసి చూపించాడు. వెంటనే ఇంకో ప్రశ్న: "ఇంజన్ ఎంతసేపటికి ఆపినారు?" ఎందుకంటే ఆ బండిలో వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరుగుతుందట. స్టీరింగ్ బరువు చేతికి తెలుస్తుంది, బ్రేక్ బరువు కాలికి తెలుస్తుంది, నీళ్ళు తిరగడం ఆగితే మాత్రం మనకి ఏమీ తెలీదు, ఇంజన్ కాలిపోయేదాకా. ఈ రెండో ప్రశ్నని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

అసలు స్టీరింగ్ కీ బ్రేక్ కీ ఇంజన్ తిండి పెట్టడమేంటి? వాటిని నడిపేది మన చేతులూ కాళ్ళే కదా? ఇక్కడే చరిత్ర మొదలవుతుంది.

మనిషి ఒక చక్రాన్ని మెల్లగా తిప్పితే, దాని వెనక యంత్రం అసలు బరువు మోయడం అనే ఐడియా కారుతో పుట్టలేదు, ఓడతో పుట్టింది. 1858లో ఇంగ్లండ్ లో గ్రేట్ ఈస్టర్న్ అనే ఓడని నీళ్ళలోకి దించారు. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద ఓడ లేదు. దాని చుక్కాని తిప్పడానికి సముద్రం పొంగినప్పుడు కొంతమంది నావికులు కలిసి చక్రాల మీద పడాల్సి వచ్చేది. జాన్ మెక్ ఫార్లేన్ గ్రే అనే ఇంజినీర్ 1866లో ఆవిరితో నడిచే స్టీరింగ్ యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు, దాన్ని ఈ ఓడలో బిగించారు. చక్రం ఎంత తిప్పితే చుక్కాని అంతే తిరిగి ఆగిపోతుంది. ఎక్కువా తిరగదు, తక్కువా తిరగదు. నిర్ణయం మనిషిది, బలం ఆవిరిది. మనకి ఒక చుట్టరికం కూడా ఉంది ఈ ఓడతో: 1870లో బొంబాయి నుంచి ఏడెన్ కి సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ పరిచింది ఇదే.

కార్లలోకి ఈ పద్ధతి రావడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో బఫలో నగరంలో పియర్స్ ఆరో అనే కంపెనీ ఉండేది, పెద్ద కార్లూ లారీలూ తయారుచేసేది. అందులో లారీల విభాగం చూసే ఇంజినీర్ ఫ్రాన్సిస్ డేవిస్. లోడు లారీ స్టీరింగ్ తిప్పడానికి డ్రైవర్లు పడే పాట్లు ఆయన రోజూ చూసేవాడు. మన దగ్గర పాత లారీ డ్రైవర్ల భుజాలు చూసినవాళ్ళకి అది వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఉన్న ఉపాయం ఒకటే: స్టీరింగ్ చక్రాన్ని పెద్దది చెయ్యడం, గేర్లు పెట్టి ఎక్కువ చుట్లు తిరిగేలా చెయ్యడం. బలం తగ్గుతుంది కానీ ఒక మలుపుకి అరడజను సార్లు తిప్పాలి.

డేవిస్ ఉద్యోగం మానేశాడు. మసాచుసెట్స్ లో వాల్థమ్ అనే ఊళ్ళో చిన్న షెడ్డు పెట్టుకుని, ఒక పనిముట్ల నిపుణుడిని సాయం తీసుకుని ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయిల్ ప్రెషర్ తో స్టీరింగ్ కి సాయం చెయ్యాలని ప్లాన్. కానీ ప్రెషర్ ని ఎప్పుడూ నిలవ ఉంచితే ప్రతి జాయింటు నుంచీ ఆయిల్ కారుతోంది. ఆయన దాన్ని తిరగేసి ఆలోచించాడు. ఆయిల్ ఊరికే తిరుగుతూ ఉండాలి, వాల్వు తెరిచే ఉండాలి. డ్రైవర్ స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే వాల్వు కొంచెం మూసుకుని ప్రెషర్ పుట్టాలి. చేతులు ఆగితే ప్రెషర్ మాయం. 1926లో ఒక పియర్స్ ఆరో కారులో బిగించి చూపించాడు. ఈ రోజుకీ హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న దాదాపు ప్రతి బండిలో ఉన్నది ఈ ఆలోచనే. అందులోనే ఒక షరతు కూడా దాగి ఉంది: పంపు తిరుగుతూనే ఉండాలి. పంపుని తిప్పేది ఇంజన్, మధ్యలో బెల్టు.

జనరల్ మోటార్స్ ఈయనతో ఒప్పందం చేసుకుంది, కాడిలాక్ లో పెడదామనుకుంది. ఈలోపు మహా మాంద్యం వచ్చింది, అమ్మే నాలుగు కార్ల కోసం ఇంత ఖర్చు దండగ అని 1934లో వదిలేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వాహనాల్లో ఇది పనికొచ్చింది. మామూలు జనం కొనుక్కునే కారులోకి వచ్చింది మాత్రం 1951లో, అదీ క్రైస్లర్ ఇంపీరియల్ లో. డేవిస్ పేటెంట్లు కొన్నిటికి గడువు తీరిపోయింది కాబట్టి క్రైస్లర్ వాటిని వాడుకుంది. అప్పుడు జనరల్ మోటార్స్ పరుగున డేవిస్ దగ్గరికి వచ్చింది. పాతికేళ్ళు! ఇలాంటి కథలు చదివినప్పుడు నాకు నవ్వొస్తుంది, తర్వాత కొంచెం బాధేస్తుంది.

ఇక బ్రేకుల సంగతి. హిస్పానో సూయిజా కంపెనీ ఇంజినీర్ మార్క్ బిర్కిట్ 1919లోనే తిరుగుతున్న గేర్ బాక్సు నుంచి బలం తీసుకుని బ్రేకులకి ఇచ్చే ఏర్పాటు చేశాడు. రోల్స్ రాయిస్ వాళ్ళు దాన్ని లైసెన్సు మీద తెచ్చుకున్నారు. కానీ మన బండ్లలోకి వచ్చిన పద్ధతి 1927లో ఆల్బర్ట్ డెవాండ్ర్ అనే బెల్జియం ఇంజినీర్ ది. పెట్రోల్ ఇంజన్ గాలి పీల్చుకునేటప్పుడు దాని లోపల వెలితి ఏర్పడుతుంది, అదే వ్యాక్యూమ్. ఆ వ్యాక్యూమ్ ని ఒక గుండ్రటి డబ్బాలో ఒక పక్క నింపి, బ్రేక్ తొక్కగానే రెండో పక్కకి బయటి గాలిని వదిలితే, గాలే డబ్బా మధ్యలో ఉన్న పొరని నెడుతుంది. డబ్బా తొమ్మిది అంగుళాల వెడల్పు ఉందనుకోండి, ఆ తోపు రెండు వందల యాభై కిలోలు దాటుతుంది. మీ కాలు చేసేది సైగ మాత్రమే. మెకానిక్ లు బూస్టర్ అనేది ఈ డబ్బానే. 1928లో వ్యాక్యూమ్ సాయంతో బ్రేకులు వేసే కారుని అమ్మకానికి తెచ్చింది కూడా పియర్స్ ఆరోనే. చూశారా, మన రెండు జబ్బుల పుట్టిల్లు ఒకటే కంపెనీ.

డీజిల్ ఇంజన్ పెట్రోల్ ఇంజన్ లాగా అంత వ్యాక్యూమ్ ఇవ్వదు. అందుకని దానికి విడిగా ఒక చిన్న పంపు పెడతారు. మన దేశంలో చాలా పాత డీజిల్ బండ్లలో ఆ పంపు ఆల్టర్నేటర్ వెనకాల అతుక్కుని ఉంటుంది. బెల్టు తెగితే ఆల్టర్నేటర్ ఆగుతుంది, కాబట్టి బ్యాటరీ లైటు. వ్యాక్యూమ్ ఆగుతుంది, కాబట్టి బ్రేక్ రాయి. పవర్ పంపు ఆగుతుంది, కాబట్టి స్టీరింగ్ బరువు. ఘాట్ లో నాకు జరిగింది ఇదే, అక్షరాలా. మొదటి రెండు బ్రేకులు మామూలుగా పడటానికి కారణం కూడా ఉంది: బూస్టర్ డబ్బాలో వ్యాక్యూమ్ కొంచెం నిలవ ఉంటుంది, ఒకటి రెండు తొక్కుళ్ళకి సరిపడా. తర్వాత ఖాళీ.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. మా తాతయ్య పాత అంబాసిడర్ నడిపేవారు. డౌన్ వస్తే న్యూట్రల్ లో వేసి ఇంజన్ కట్టేసేవారు, పెట్రోల్ మిగులుతుందని. ఏమీ కాలేదు ఎప్పుడూ. ఎందుకు కాలేదంటే ఆ బండిలో పవర్ స్టీరింగ్ లేదు, బూస్టర్ లేదు. ఇంజన్ ఉన్నా లేకపోయినా స్టీరింగ్ ఒకే బరువు, బ్రేక్ ఒకే బరువు. అరువు తెచ్చుకున్న బలం లేదు కాబట్టి పోయేదీ లేదు. బండ్లు మారాయి, అలవాటు మాత్రం మా బాబాయిల దాకా వచ్చింది. ఇప్పటి బండిలో ఘాట్ మీద ఇంజన్ కట్టెయ్యడమంటే మన చేత్తో మనమే ఆ బెల్టు తెంపుకోవడం.

సరే, ఇప్పుడు అసలు విషయం. 2004 చివర్లో జనరల్ మోటార్స్ అమెరికాలో షెవర్లే కోబాల్ట్ అనే చిన్న కారు తెచ్చింది. వెంటనే ఒక ఫిర్యాదు మొదలైంది. నడుపుతుండగా మోకాలు తాళంచెవికి తగిలినా, కీ చైన్ బరువుగా ఉన్నా తాళం తనంతట తానే రన్ నుంచి యాక్సెసరీ స్థానానికి జారిపోతోంది. ఇంజన్ ఆగిపోతోంది. స్టీరింగ్ బిగుసుకుంటోంది, బ్రేక్ గట్టిపడుతోంది. తాళం స్విచ్ లోపల చిన్న పిన్నూ స్ప్రింగూ ఉంటాయి. అవి ఉండాల్సినంత గట్టిగా లేవు, కంపెనీ సొంత కొలతలకే అందలేదు. అంతే లోపం.

కంపెనీ ఇంజినీర్లు చూశారు. చూసి దీన్ని భద్రత సమస్య అనలేదు, కస్టమర్ సౌకర్యానికి సంబంధించిన సమస్య అన్నారు. వాళ్ళ తర్కం వినండి: ఇంజన్ ఆగినా స్టీరింగ్ తిరుగుతుంది, బలంగా తిప్పాలంతే. బ్రేక్ పడుతుంది, బలంగా తొక్కాలంతే. కాబట్టి కారు అదుపులోనే ఉన్నట్టు. వినడానికి కరెక్టే అనిపిస్తుంది కదా? 2005 డిసెంబరులో డీలర్లకి ఒక సూచన పంపారు: కీ చైన్ కి బరువైనవి తగిలించుకోవద్దని కస్టమర్లకి చెప్పండి. ఆ కాగితంలో ఇంజన్ ఆగిపోవడం అనే మాటే రాకుండా జాగ్రత్తపడ్డారు.

దోర్నాల మెకానిక్ రెండో ప్రశ్న గుర్తుందా? ఆ బెల్టు దగ్గర ఇంకేమేం తిండి తింటున్నాయి అనే ప్రశ్న. అక్కడ అది ఎవరూ అడగలేదు. తాళం యాక్సెసరీలోకి జారితే కరెంటు ఆగేది ఇంకొకదానికి కూడా ఉంది: ఎయిర్ బ్యాగ్ కి. స్టీరింగ్ పోతే చేతికి తెలుస్తుంది, బ్రేక్ పోతే కాలికి తెలుస్తుంది. ఎయిర్ బ్యాగ్ పోయిన సంగతి తెలిసేది చెట్టుకి గుద్దుకున్నాకే. అంటే బండి అదుపు తప్పే అవకాశం పెరిగిన ఆ క్షణంలోనే, కాపాడాల్సింది కూడా నిద్రపోతుంది.

2006 అక్టోబరులో విస్కాన్సిన్ లో ఒక కోబాల్ట్ చెట్లకి గుద్దుకుని ఇద్దరు టీనేజ్ అమ్మాయిలు చనిపోయారు. ఎయిర్ బ్యాగులు తెరుచుకోలేదు. ఆ రాష్ట్ర పోలీసు అధికారి ఒకరు దర్యాప్తు చేసి, తాళం యాక్సెసరీలో ఉందని గమనించి, కంపెనీ డీలర్లకి పంపిన ఆ సూచనని కూడా వెతికి పట్టుకుని, ఈ రెండింటికీ సంబంధం ఉండొచ్చని 2007 ఫిబ్రవరిలో రిపోర్టు రాశాడు. కార్ల ఇంజినీర్ కాదు, పోలీసు. ఆ రిపోర్టు కంపెనీ ఫైళ్ళలోకి చేరింది. ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయింది.

2010 మార్చిలో ఇంకో విచిత్రం జరిగింది. ఇదే కోబాల్ట్ తో పాటు మొత్తం 13 లక్షల కార్లని కంపెనీ వెనక్కి పిలిచింది, దేనికో తెలుసా? పవర్ స్టీరింగ్ మోటార్ సమస్యకి! స్టీరింగ్ ఒక్కటే బిగుసుకునే కార్లకి వైద్యం దొరికింది. స్టీరింగూ బ్రేకూ కలిసి బిగుసుకునే కార్లు రోడ్డు మీదే తిరుగుతూ ఉన్నాయి.

ఎందుకు దొరకలేదంటే ఇంకో కారణం ఉంది, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. 2006లో ఆ స్విచ్ లోపలి భాగాన్ని నిశ్శబ్దంగా మార్చారు, కొంచెం గట్టిది పెట్టారు. పార్టు నంబరు మాత్రం మార్చలేదు. తర్వాత దర్యాప్తు చేసినవాళ్ళకి పాత కార్లలో ఎయిర్ బ్యాగులు తెరుచుకోవట్లేదు, కొత్త కార్లలో తెరుచుకుంటున్నాయి, మరి రెండింట్లో స్విచ్ నంబరు ఒకటే. ఇంక స్విచ్ ని ఎందుకు అనుమానిస్తారు? మన మెకానిక్ షాపుల్లో కూడా అంతే, పేషెంటు చీటీలో అబద్ధం ఉంటే ఎంత మంచి డాక్టరైనా బోల్తా పడతాడు.

చివరికి ఇది బయటపడింది కంపెనీలో కాదు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక కుటుంబం తరఫు లాయరు పెట్టుకున్న ఇంజినీర్, ప్రమాదం జరిగిన కారులోని స్విచ్ నీ, బజార్లో కొన్న కొత్త స్విచ్ నీ పక్కపక్కన పెట్టి విప్పి చూశాడు. లోపల పిన్ను పొడవు వేరు. నంబరు ఒకటే. 2014 ఫిబ్రవరిలో కార్లని వెనక్కి పిలవడం మొదలైంది, అది పెరిగి 26 లక్షలకి చేరింది. మొదట 13 మంది చనిపోయారని కంపెనీ చెప్పింది. పరిహార నిధి ఒక్కొక్క కేసూ పరిశీలించాక ఒప్పుకున్న మరణాలు 124. అప్పుడే సీఈఓ అయిన మేరీ బారా అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది, పదిహేను మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు, 2015లో క్రిమినల్ కేసు సెటిల్ మెంటుకి 90 కోట్ల డాలర్లు కట్టారు. డేవిస్ తో మొదటి ఒప్పందం చేసుకున్న కంపెనీ కూడా ఇదేనని మర్చిపోకండి.

ఇక మీ బండి సంగతి. స్టీరింగ్ ఒక్కటే బరువైతే ముందు టైర్లలో గాలి చూడండి, తర్వాత పవర్ ఆయిల్, బెల్టు. ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయితే డ్యాష్ బోర్డు మీద స్టీరింగ్ గుర్తు వెలిగిందేమో చూడండి. బ్రేక్ ఒక్కటే గట్టిపడితే వ్యాక్యూమ్ పైపు పగిలిందా, బూస్టర్ పోయిందా చూడాలి. బ్రేక్ గట్టిగా కాకుండా మెత్తగా లోపలికి దిగిపోతుంటే అది వేరే జబ్బు, ఆయిల్ కారడమో గాలి చేరడమో, ఆ బండిని కదిలించొద్దు. రెండూ కలిసి వస్తే ఇంజన్ ఆగిందేమో, బెల్టు తెగిందేమో చూడండి. నడుస్తుండగా వస్తే బ్రేక్ ని పదేపదే పంపు కొట్టొద్దు, నిలవ ఉన్న కాస్త వ్యాక్యూమ్ అయిపోతుంది. ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. బండి ఆగేదాకా తాళం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు. బండి సమతలం మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్ లో పెట్టి, ఇంజన్ ఆపి బ్రేక్ ని ఐదారుసార్లు తొక్కండి. పెడల్ గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చెయ్యండి. పెడల్ మీ కాలి కింద కొంచెం కిందికి జారాలి. ఆ జారడమే 1927 నాటి డెవాండ్ర్ ఐడియా పనిచేస్తోందనడానికి గుర్తు. జారలేదా, ఘాట్ రోడ్డు ప్లాన్ పక్కన పెట్టి రేపు పొద్దున్నే మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఆ బెల్టు కూడా ఒకసారి చూడమనండి. మా బావగారి బండిలో అది పగుళ్ళు పట్టి ఎన్నాళ్ళైందో మాలో ఎవ్వరం చూడలేదు.